తెలిసినవాళ్లు లేని చోటు: తిరుపతిలో ఒక మైనారిటీ విద్యార్థి కేసు

కాలేజీ విద్యార్థుల్లో హెచ్‌ఐవీ నివారణ, లైంగిక ఆరోగ్యం గురించి పనిచేసే కౌన్సెలర్లకు శిక్షణలో ఒక సూత్రం గట్టిగా చెబుతారు. ఏ వర్గంతో పనిచేయాలో ఆ వర్గంలోంచే ఒకరిని ఎంచుకుని, తర్ఫీదు ఇచ్చి, ఆ వ్యక్తి ద్వారానే మిగతావారిని చేరాలన్నది ఆ సూత్రం. అది ఎన్నో చోట్ల ఫలించింది, మా పనిలోనూ ఫలించింది. ఈ కేసులో మాత్రం అదే సూత్రం ఒక విద్యార్థిని పరీక్షకు దూరం చేసింది, ఆ ఆలస్యంలో అతని జబ్బు ఒక దశ నుంచి మరో దశకు వెళ్లింది. ఎందుకలా జరిగిందో, తర్వాత ఏ ఆలోచనతో దారి మార్చామో మన జిల్లాల్లో ఇదే పని చేస్తున్న వారికి ఉపయోగపడుతుందని రాస్తున్నాను. విద్యార్థి అనుమతి తీసుకున్నాను. అతని కోర్సు, ఊరు, తేదీలు, కుటుంబ వివరాలు రాయలేదు, గుర్తుపట్టే వీలున్న కొన్ని విషయాలు మార్చాను. ఆస్పత్రుల పేర్లు, కాలేజీ పేరు కూడా ఉండవు.

నేపథ్యం

తిరుపతి చదువుల ఊరు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1983లో మహిళా విశ్వవిద్యాలయం వచ్చాక చుట్టుపక్కల జిల్లాల నుంచి డిగ్రీకి, పీజీకి, ఇంజనీరింగ్‌కు పిల్లలు ఇక్కడికి రావడం పెరుగుతూనే ఉంది. వీరిలో ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల నుంచి వచ్చే ముస్లిం విద్యార్థులు గణనీయంగా ఉంటారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. చాలామందికి రాయడం, చదవడం తెలుగులోనే సులువు. నలుగురైదుగురు కలిసి గది అద్దెకు తీసుకుని ఉంటారు, ఆ గది కూడా ఎక్కువగా ఊరివాళ్ల ద్వారానో చుట్టాల ద్వారానో దొరుకుతుంది. పడమటి మండలాల్లో ముస్లిం కుటుంబాలకు పెళ్లి సంబంధాలు సాధారణంగా పక్క ఊళ్లలోనే కలుస్తాయి కనుక, రెండు వేర్వేరు ఊళ్ల అబ్బాయిలు కలిసి కూర్చుంటే కాసేపట్లోనే ఇద్దరికీ తెలిసిన మేనమామో పిన్నమ్మో బయటపడుతుంది. కష్టమొస్తే ఆదుకునేది ఈ అల్లికే. రహస్యం దాచుకోవలసి వచ్చినప్పుడు తప్పించుకోవలసి వచ్చేదీ ఇదే.

కాలేజీల్లో మా పని రెడ్ రిబ్బన్ క్లబ్బుల ద్వారా, అంటే హెచ్‌ఐవీ అవగాహన కోసం నడిచే విద్యార్థి బృందాల ద్వారా సాగుతుంది. డిసెంబర్ 1న ర్యాలీ, ప్రతిజ్ఞ, వ్యాసరచన, ఉపన్యాసం, వీలైతే పరీక్షల శిబిరం. ఈ తరం విద్యార్థుల గురించి ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2000 దశకం తొలినాళ్లలో రాష్ట్రమంతా గోడల మీద, బస్సుల మీద 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అనే ప్రశ్న కనిపించేది. చిన్నపిల్లలు కూడా దాని గురించి మాట్లాడుకునేవారు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నవారు ఆ ప్రచారం ముగిశాక పుట్టినవారో, అప్పటికి ఊహ తెలియనివారో. వీరికి హెచ్‌ఐవీ అంటే పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలు, ఫోన్‌లో చూసిన అరకొర వీడియోలు. భయం మాత్రం ఆనాటి తరానికి ఎంత ఉందో వీరికీ అంతే ఉంది. మందులు ఎంత మారాయో చాలామందికి తెలియదు. 2017 నుంచి దేశంలో పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ సీడీ4 (రోగనిరోధక కణాల) సంఖ్యతో నిమిత్తం లేకుండా వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలిచిన వ్యక్తి నుంచి లైంగికంగా ఇతరులకు అది సోకదు. ఈ రెండు సంగతులు సభలో చెప్పినప్పుడు హాలు ఒక్కసారిగా శ్రద్ధగా వినడం నేను ప్రతిచోటా చూస్తాను.

అయినా ఒక విషయం మాకు పదేపదే కనిపించేది. ముస్లిం విద్యార్థులు ఉపన్యాసానికి వస్తారు, ప్రశ్నల పెట్టెలో చీటీలు వేస్తారు. కొన్ని చీటీల్లోని సందేహాలను బట్టి వారివేనని తెలిసేది. పరీక్ష బల్ల దగ్గరికి మాత్రం దాదాపు ఎవరూ వచ్చేవారు కాదు. శుక్రవారం మధ్యాహ్నం కార్యక్రమాలు పెట్టడం మానేశాం, శిబిరం వేళలు మార్చాం. వరస పొడవు తగ్గింది తప్ప వరసలో నిలబడినవారిలో మార్పు రాలేదు.

సమస్య ఎలా బయటపడింది

క్లబ్బు సమావేశంలో పంచిన చిన్న కార్డు మీది నంబరుకు ఒక సాయంత్రం ఫోన్ వచ్చింది. "సార్, మా ఫ్రెండొకడున్నాడు, వాడికి మొలలు ఉన్నాయి, వాడు భయపడతా ఉన్నాడు" అన్నాడు అవతలి అబ్బాయి. మొలల గురించి హెచ్‌ఐవీ నంబరుకు ఎవరూ ఫోన్ చేయరు. ఆ మాట నేను అనలేదు. ఫ్రెండ్ పేరుతో అడిగేవాడికి ఆ ఫ్రెండ్ ఒక తెర. దాన్ని మనం లాగేస్తే ఫోన్ పెట్టేస్తాడు, మళ్లీ చేయడు. తెరను అలాగే ఉంచి, ఫ్రెండ్‌కు ఏమవుతోందో, ఎప్పటి నుంచో, ఏ మందు వాడాడో అడుగుతూ పోతే మనకు కావలసిన చరిత్ర అంతా వస్తుంది, అతనికి కావలసిన దూరమూ మిగులుతుంది.

అన్నిటికంటే ముందు అడిగింది ఫ్రెండ్ వయసు. దీనికి కారణం ఉంది. కాలేజీ అనగానే అందరూ మేజర్లు అనుకోకూడదు, ఇంటర్ పిల్లలు కూడా ఇదే నంబరుకు చేస్తారు. పద్దెనిమిదేళ్లు నిండనివారి విషయంలో పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం లైంగిక చర్య గురించి తెలిసినవారు అధికారులకు చెప్పవలసి ఉంటుంది. ఆ సంగతి అవతలివారు వివరాలు చెప్పకముందే చెప్పాలి. చెప్పించుకుని ఆ తర్వాత చట్టం గుర్తుచేయడం అన్యాయం. ఫ్రెండ్‌కు ఇరవై ఏళ్లని చెప్పాడు. పరీక్షకు తల్లిదండ్రుల అనుమతి అక్కర్లేదని, తన సమ్మతి చాలునని, ఆ సమ్మతి లేకుండా ఎవరూ హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని చెప్పాను.

కథ ఇలా ఉంది. కొన్ని వారాల కిందట మలద్వారం దగ్గర చిన్న పుండు. నొప్పి పెద్దగా లేదు, విసర్జనప్పుడు కొంచెం తడి, మంట. మందుల షాపులో మొలలకని చెప్పి పూత మందు తెచ్చుకున్నాడు. అది తగ్గుముఖం పట్టింది కూడా. అయినా భయం పోలేదు. ఎందుకు పోలేదో ఆ రోజు చెప్పలేదు. నేను తొందరపెట్టలేదు. పరీక్ష చేయించుకోవడం మంచిదని, ఒక్క హెచ్‌ఐవీకి కాకుండా ఇతర సుఖవ్యాధులకు కూడా చూడాలని, ప్రభుత్వ ఆస్పత్రిలోని సురక్ష క్లినిక్‌లో డాక్టరు చూస్తారని, అక్కడ పరీక్షలూ మందులూ ఉచితమని చెప్పాను. అతను అడిగింది ఒక్కటే: "అక్కడ పేరు రాసుకుంటారా సార్? ఫోన్ నంబర్ ఇవ్వాల్నా?"

ఆ ప్రశ్నను అప్పుడు నేను మామూలు బెరుకుగా తీసుకున్నాను. అన్ని మతాల, అన్ని కులాల విద్యార్థులూ అడిగే ప్రశ్నే అది.

ఏం ప్రయత్నించాం, ఏది ఫలించలేదు

మా దగ్గర ఒక సహచర విద్యార్థి కార్యకర్త ఉండేవాడు. అదే మతం, పడమటి మండలాలవాడు, పీజీ విద్యార్థి, మాట నెమ్మది. ముస్లిం విద్యార్థులను చేరడానికే అతన్ని ఎంచుకుని శిక్షణ ఇచ్చాం. ఫోన్ చేసిన అబ్బాయి ఆస్పత్రికి ఒంటరిగా వెళ్లడానికి భయపడుతున్నాడు, భాష ఒకటే, ఆచారం తెలుసు, ఎవరైనా చూసినా ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తున్నట్టే ఉంటుంది. ఇన్ని అనుకూలతలున్న తోడు మరొకరు దొరకరు. "మీవాళ్లలోనే ఒకరున్నారు, మంచివాడు, నంబరు ఇవ్వనా?" అని అడిగాను, సరేనన్నాడు.

వారిద్దరూ మాట్లాడుకున్నారు. కార్యకర్త తన శిక్షణ ప్రకారమే నడుచుకున్నాడు. దగ్గరితనం కలగడానికి ముందుగా ఏ ఊరని అడిగాడు, తన ఊరు చెప్పాడు. అవతలి అబ్బాయికి ఆ క్షణంలోనే అర్థమైంది: ఈ మనిషి మేనత్త ఉండే వీధి తనకు తెలుసు. తర్వాత కార్యకర్త మరో ప్రశ్న వేశాడు: "అమ్మాయి ఎవరు, ఇక్కడమ్మాయేనా?" మా శిక్షణ పుస్తకంలోని నమూనా సంభాషణలన్నీ అమ్మాయి ఉంటుందనే ఊహతోనే రాసి ఉన్నాయి, కనుక ఆ ప్రశ్న అతని సొంత లోపం కాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో తన విషయం ఈ సంభాషణలో చెప్పుకునే చోటే లేదని అబ్బాయికి తేలిపోయింది. ఆ తర్వాత అతను కార్యకర్త ఫోన్ ఎత్తలేదు. నా ఫోన్ కూడా ఎత్తలేదు.

ఈలోపు మరో దారి ప్రయత్నించాం. మసీదు కమిటీలోని ఒక పెద్దమనిషిని కలిశాం. ఆయన సహృదయంతో విన్నారు, యువకులకు ఆరోగ్యం మీద మంచి మాటలు చెప్పించడానికి ఒప్పుకున్నారు, చెప్పించారు కూడా. మత్తు పదార్థాల గురించి, పెళ్లికి ముందు పరీక్షల గురించి జరిగిన ఆ సమావేశం తల్లిదండ్రుల్లో మా పని మీద ఉన్న అనుమానాన్ని తగ్గించింది, అది చిన్న లాభం కాదు. కానీ ఆ సమావేశం వల్ల ఒక్క విద్యార్థీ పరీక్షకు రాలేదు. పెద్దల గౌరవం సొంతం చేసుకున్న దారిలో పిల్లవాడు తన గుట్టుతో నడవలేడు. ఎవరు చెప్పారన్నది ఎంత ప్రభావం చూపుతుందో, ఎవరికి తెలిసిపోతుందన్నది దానికంటే ఎక్కువ ప్రభావం చూపుతుంది.

కొన్ని వారాలకు అతనే మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి రాత్రి, ఈసారి ఫ్రెండ్ లేడు. అరచేతుల్లో, అరికాళ్లలో, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు వచ్చాయి, దురద లేదు, ఒళ్లు వెచ్చబడుతోంది, గొంతు నొప్పి. ఇంటర్నెట్‌లో వెతికి తనకు ఎయిడ్స్ వచ్చేసిందని నిర్ణయించుకున్నాడు. దురద లేని మచ్చలు అరచేతుల్లో, అరికాళ్లలో కనిపించాయంటే, అంతకు కొన్ని వారాల ముందు నొప్పిలేని పుండు వచ్చి దానంతటదే మానిందంటే, ముందుగా అనుమానించవలసింది సిఫిలిస్ అనే సుఖవ్యాధిని. మొదటి దశలోని పుండు చికిత్స లేకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో మానిపోతుంది. పూత మందు పనిచేసిందని రోగి నమ్ముతాడు, సూక్ష్మజీవి రక్తంలోకి వెళ్లి రెండో దశ మొదలవుతుంది. మలద్వారం దగ్గరి పుండును మొలలుగానో చీలికగానో పొరబడటం మందుల షాపుల్లోనే కాదు, బట్ట తొలగించి చూడని చోటల్లా జరుగుతుంది.

కారణం అర్థమైన తీరు

ఆ రాత్రి సంభాషణ పొడవుగా సాగింది. జబ్బు పేరు ఫోన్‌లో చెప్పలేదు, ఎందుకంటే నేను డాక్టరును కాను. అయితే ఇలాంటి మచ్చలకు పూర్తిగా నయమయ్యే కారణం ఉండే అవకాశం ఎక్కువని, ఆలస్యం చేయకూడదని చెప్పాను. ఆ తర్వాత అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను: "సంబంధం ఆడవాళ్లతోనా, మగవాళ్లతోనా, ఇద్దరితోనా? అందరినీ ఇలాగే అడుగుతాం, పరీక్ష ఎక్కడ చేయాలో దాన్ని బట్టి ఉంటుంది." చాలాసేపటికి జవాబు వచ్చింది. మగవాడితో. వేరే కాలేజీ విద్యార్థితో, కొన్ని నెలలుగా. కండోమ్ కొన్నిసార్లు వాడారు, కొన్నిసార్లు లేదు.

ఇక్కడ 'అందరినీ ఇలాగే అడుగుతాం' అన్న మాట ప్రశ్న కంటే ముఖ్యమైనది. ఒక్కడినే ఎంచి అడిగినట్టు అనిపిస్తే అది ఆరోపణ అవుతుంది. మూడు అవకాశాలనూ ఒకే గొంతుతో, ఒకే వాక్యంలో పెట్టి, కారణం వైద్యపరమైనదని చెబితే అది ఆస్పత్రి ప్రశ్న అవుతుంది. ఆ రాత్రి అతను నన్ను అడిగినవి రెండు. ఇది నేరమా అన్నది మొదటిది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ఇద్దరు వయోజనులు పరస్పర సమ్మతితో ఏకాంతంలో ఉండటం నేరం కాదని చెప్పాను. ఇది తనకు పడిన శిక్షా అన్నది రెండోది. దానికి నేను మతపరమైన జవాబు ఇవ్వలేదు, ఇచ్చే అర్హత నాకు లేదు. జబ్బు ఒక సూక్ష్మజీవి వల్ల వచ్చిందని, ఎవరికైనా అలాగే వస్తుందని, అదే మందుతో పోతుందని చెప్పాను. విశ్వాసం ఉన్న పిల్లవాడి విశ్వాసాన్ని తేలిక చేసి ధైర్యం చెప్పబోతే, రేపు ఉదయం అతనికి ఆసరాగా ఉండేదాన్ని కూడా మనం తీసేసినట్టవుతుంది.

మధ్యలో ఫోన్లు ఎందుకు ఎత్తలేదో అప్పుడు చెప్పాడు. కార్యకర్త చెడ్డవాడని కాదు, అతను ఎవరికీ చెప్పడని కూడా తెలుసు. "ఆయన చెప్పకపోయినా నాకు ఆయన ముఖం జీవితాంతం ఎదురుపడతా ఉంటుంది సార్. పెళ్లిలో, పండగలో, ఊర్లో." అతను కోరింది గోప్యత హామీ మాత్రమే కాదు. తన సంగతి తెలిసిన మనిషి తన బతుకులో మళ్లీ ఎక్కడా తారసపడకూడదు. రహస్యం కాపాడతామని ప్రమాణం చేసి మేము తీర్చగల కోరిక కాదది. హెచ్‌ఐవీ వివరాలను సమ్మతి లేకుండా వెల్లడించడాన్ని నిషేధించే చట్టం 2017లో వచ్చింది, 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం కాగితాన్ని కాపాడుతుంది, పెళ్లి పందిట్లో ఎదురుపడే చూపును ఆపలేదు. చిన్న సముదాయంలో, అందులోనూ తన ఇష్టం వల్ల మరింత చిన్న గుంపులో పడిన మనిషికి, తనవాళ్ల దగ్గరితనమే అడ్డుగోడ అవుతుందని నాకు అంత స్పష్టంగా చెప్పింది ఇతనే.

ఏం పనిచేసింది

మొదటి నిర్ణయం ఎక్కడ పరీక్ష అన్నది. తిరుపతిలో అయితే పెద్ద ఆస్పత్రి, జనసమ్మర్దం, ఎవరికీ ఎవరూ పట్టరని మేము అనుకునేవాళ్లం. అతని లెక్క వేరు. ఊళ్లో ఎవరికి పెద్ద జబ్బు చేసినా తిరుపతికే తెస్తారు, ఏ రోజు ఓపీ వరసలో ఎవరుంటారో తెలియదు. చిత్తూరు వద్దు, అది ఇంకా దగ్గర. వేలూరుకు కూడా తమ వైపు నుంచి రోగులు వెళ్తూనే ఉంటారు. జిల్లా పటం ముందు పెట్టుకున్నట్టు ఒక్కో ఊరూ కొట్టేసుకుంటూ వచ్చి, తన ఊరివాళ్లు ఏ పనికీ వెళ్లని తూర్పు దిక్కున ఒక పట్టణాన్ని అతనే ఎంచుకున్నాడు. బస్సు ఖర్చు పెరిగింది, ఒక రోజు తరగతులు పోయాయి. ఆ ధర చెల్లించడానికి అతను సిద్ధంగా ఉన్నాడు, ఆ నిర్ణయం అతనిదే కావడం వల్లనే వచ్చాడని నా నమ్మకం.

రెండోది ఎవరు తోడన్నది. ఆ పట్టణంలోని కౌన్సెలర్ అతని మతం కాదు, అతని ప్రాంతం కాదు, అతని కంటే చాలా పెద్దది. ఆమె ఏ ఊరని అడగలేదు, ఇంటిపేరు అడగలేదు. పరీక్షా కేంద్రంలో నమూనా మీద పేరుకు బదులు కోడ్ సంఖ్య ఉంటుంది. చిక్కు ఓపీ చీటీ దగ్గర వచ్చింది. అక్కడ ఫోన్ నంబరు అడుగుతారు, అతని సిమ్ తండ్రి పేరు మీద ఉంది, ఇంట్లో అందరూ ఆ ఫోన్ తీస్తుంటారు. ఆస్పత్రి నుంచి ఒక్క మెసేజ్ వచ్చినా చాలు. ముందే ఈ విషయం మాట్లాడుకున్నాం కనుక మా కార్యాలయం నంబరు ఇచ్చాడు. మొదటి ఫోన్‌లోనే అతను అడిగిన ప్రశ్న వెనుక ఇంత లెక్క ఉంది.

డాక్టరు పూర్తిగా పరీక్షించారు. ఒకే రక్త నమూనాతో హెచ్‌ఐవీ, సిఫిలిస్ రెండూ చూశారు. హెచ్‌ఐవీ నాన్ రియాక్టివ్, అంటే కనిపించలేదు. సిఫిలిస్‌ను చూసే ఆర్‌పీఆర్ రక్తపరీక్షలో 1:64 (రెండో అంకె పెద్దదైన కొద్దీ జబ్బు చురుకుగా ఉన్నట్టు), నిర్ధారణ పరీక్ష కూడా పాజిటివ్. హెచ్‌ఐవీ లేదనగానే అతని ముఖం వెలిగింది, అక్కడే కౌన్సెలర్ ఆగి చెప్పవలసినది చెప్పింది. చివరి కలయిక జరిగి ఎక్కువ కాలం కాలేదు కనుక ఈ ఫలితం తుది మాట కాదు, మూడు నెలలకు మళ్లీ చూడాలి. పైగా సిఫిలిస్ పుండు ఉన్నప్పుడు హెచ్‌ఐవీ సోకే అవకాశం పెరుగుతుంది. సంతోషాన్ని పాడుచేయడం ఇష్టం లేక ఈ మాట దాటవేసే కౌన్సెలర్లున్నారు, అది దయ కాదు.

చికిత్స బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు, కండరానికి, ఒకే విడత. అది రంజాన్ నెల. ఇంజెక్షన్ పండగ తర్వాత వేయించుకుంటానన్నాడు. అంటువ్యాధి చురుకుగా ఉన్న దశలో వారాల వాయిదా మంచిది కాదు, అలాగని రోజా వదలమని చెప్పే అధికారం మాకు లేదు. పోషకం కాని ఇంజెక్షన్ వల్ల ఉపవాసం భంగం కాదన్నది చాలామంది మతపండితుల అభిప్రాయమని నాకు తెలుసు, అయినా ఆ మాట నా నోట వింటే అతనికి బలం ఉండదు. తనకు నమ్మకమున్న ఒకరిని, జబ్బు పేరు చెప్పకుండా, పుండుకు ఇంజెక్షన్ అని మాత్రం చెప్పి అడగమన్నాను. అడిగాడు, మర్నాడే వచ్చి వేయించుకున్నాడు. ఆ రాత్రి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. సిఫిలిస్ చికిత్స మొదలైన ఇరవై నాలుగు గంటల్లో సూక్ష్మజీవులు చనిపోతున్నప్పుడు ఇలా రావడం సాధారణం, రెండో దశలో మరింత సాధారణం. డాక్టరు ముందే చెప్పి ఉండటం వల్ల అతను ఫోన్ చేసి "మీరు చెప్పిన జ్వరమే కదా సార్" అన్నాడు. చెప్పకపోయి ఉంటే ఆ రాత్రి అతను ఎక్కడికి పరిగెత్తేవాడో, ఎవరికి ఏం చెప్పేవాడో ఊహించగలను.

నివారణ గురించి తీరిగ్గా మాట్లాడుకున్నాం. కండోమ్ సంగతి అతనికి తెలుసు, చిరిగిపోతోందని చెప్పాడు. కొబ్బరినూనె వాడటం వల్ల అలా జరుగుతోంది. నూనె పదార్థాలు లాటెక్స్‌ను బలహీనపరుస్తాయి, నీటితో చేసిన జెల్ వాడాలి. ఏ ఉపన్యాసంలోనూ ఎవరూ చెప్పని ఈ చిన్న సంగతి అతనికి అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. ప్రమాదకరమైన కలయిక జరిగితే 72 గంటల్లోపు, వీలైనంత త్వరగా, నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడవచ్చని చెప్పాం. రోజూ ఒక మాత్రతో ముందస్తు నివారణ గురించి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) 2022లో మార్గదర్శకాలు ఇచ్చిన సంగతీ చెప్పాం. మాత్రల డబ్బా నలుగురున్న గదిలో ఎక్కడ దాచాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాడు, కండోమే నయమన్నాడు. అది అతని పరిస్థితిలో సబబైన లెక్క, ఒత్తిడి చేయలేదు. హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించాం.

భాగస్వామి విషయం అనుకున్నంత చక్కగా కుదరలేదు. పరీక్ష చేయించుకోమని అబ్బాయి ద్వారానే చీటీ పంపాం. ఆ భాగస్వామి వేలూరులో చూపించుకున్నాడని కబురు వచ్చింది. నిజమో కాదో మాకు తెలియదు, తెలుసుకోవడానికి అతన్ని వెంటాడితే మొదటి అబ్బాయి మా మీద ఉంచిన నమ్మకం పోతుంది. అక్కడితో ఆపాం.

మూడు నెలల తర్వాత హెచ్‌ఐవీ పరీక్ష మళ్లీ నాన్ రియాక్టివ్. ఆరు నెలలకు ఆర్‌పీఆర్ 1:8. నాలుగో వంతుకు తగ్గితే చికిత్స పనిచేసినట్టు లెక్క, ఇది అంతకంటే తగ్గింది.

పనిలో మారినవి

సహచర కార్యకర్తకు మేము పేరు చెప్పలేదు, కానీ ఒక విద్యార్థి తనతో మాట్లాడాక దూరమయ్యాడని అతనికి తెలుసు, నొచ్చుకున్నాడు. అతన్ని పని నుంచి తప్పించడం అన్యాయం, అనవసరం కూడా. అతని మాట వల్లే ముస్లిం విద్యార్థులు సమావేశాలకు వస్తున్నారు. అందుకని పనిని రెండుగా విడదీశాం. సమాచారం చెప్పడం, కార్డులు పంచడం, అనుమానాలు తీర్చడం అతని పని. ఒక్కొక్కరి సొంత విషయం వినడం, ఆస్పత్రికి తోడు వెళ్లడం అతని పని కాదు. ఎవరైనా చెప్పుకోబోతే 'నాకు చెప్పొద్దు, ఈ నంబరుకు చెప్పండి' అనడం అతనికి నేర్పాం. ఏ ఊరని అడగడం శిక్షణలోంచి తీసేశాం. నమూనా సంభాషణలు తిరగరాశాం. ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ ఇప్పుడు మొదట్లోనే అడుగుతాం: మీవాళ్లలో ఒకరితో మాట్లాడతారా, అసలు తెలియని మనిషితో మాట్లాడతారా?

దీన్ని తలకిందులు చేసి, ఇకపై తెలియనివారినే పంపాలని ఎవరైనా సూత్రం చేసుకుంటారేమోనని ఒక మాట చేరుస్తున్నాను. ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక ముస్లిం విద్యార్థిని తెల్లబట్ట సమస్యతో ఫోన్ చేసింది. ఆమెను అదే ప్రశ్న అడిగితే, ఉర్దూ మాట్లాడే ముస్లిం నర్సు ఉంటేనే వస్తానంది. ఆమెకు తనవాళ్ల మధ్య గుట్టు బయటపడుతుందన్న భయం కంటే, పరాయివాళ్ల ముందు ఒళ్లు చూపించవలసి వస్తుందన్న బెరుకు ఎక్కువ. అమ్మాయిల విషయంలో మా పని ఇంకా చాలా వెనకబడి ఉంది, అలాంటి నర్సు మాకు అన్ని చోట్లా దొరకదు.

ఓపీ చీటీలో ఫోన్ నంబరు సమస్య తీరలేదు. సొంత సిమ్ లేని విద్యార్థులకు మా కార్యాలయం నంబరు ఇస్తున్నాం. ఇది తాత్కాలిక సర్దుబాటే, రిపోర్టుల మెసేజ్‌లు ఒకరివి ఒకరికి కలిసిపోకుండా ఒక మనిషి రోజూ చూసుకోవలసి వస్తోంది.

ఆ అబ్బాయి డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగానికి బెంగళూరు వెళ్లాడు. ఏడాదికి చేయవలసిన ఆర్‌పీఆర్ పరీక్షను అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో తనంతట తానే చేయించుకుని, కాగితం మీది అంకె ఫోన్‌లో చదివి వినిపించాడు: 1:2. ఆ స్థాయిలోనే చాలాకాలం నిలిచిపోయే అవకాశం ఉందని, దానికి కంగారు పడనక్కర్లేదని, మళ్లీ పెరిగితే మాత్రం కొత్తగా సోకినట్టు అనుమానించి డాక్టరును కలవాలని చెప్పాను. హెచ్‌ఐవీ పరీక్ష కూడా అదే రోజు చేయించుకున్నానని, అక్కడ తననెవరూ ఏ ఊరని అడగలేదని చెప్పాడు.